గురువారం నుంచి మంచు

సోమ, మంగళవారాలు ఎండగా ఉంటాయి, లోయల్లో బాగా వెచ్చబడుతుంది, బుధవారం మధ్యాహ్నం నుంచి వాయవ్యపు గాలి మొదలవుతుంది, రాత్రికి కొండ ప్రాంతాల్లో వాన, తెల్లవారేసరికి అది మంచుగా మారుతుంది, గురు శుక్రవారాల్లో మంచుతుఫాను, కనుమల దగ్గర గట్టి చలి, ఆదివారం నుంచి మళ్ళీ వసంతం అని రేడియోలో ఆవిడ చదివేసింది, చదివేసి ఆ గొంతుతోనే ఎవరెవరికో పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పటం మొదలుపెట్టింది. ఎసెన్‌కుల్ చెవిలోంచి తీగ పీకేశాడు. రెండో కొస భార్య చెవిలో ఉంది. ఆ తీగ ఫోనుకి తగిలించి ఉంటేనే రేడియో పలుకుతుంది, అందుకని మొగుడూ పెళ్ళామూ ఒకే తాడుకి కట్టేసిన రెండు మేకల్లా ఆ రాతి మీద పక్కపక్కన కూర్చున్నారు. సైరాకాన్ తన కొస తీయలేదు. ఎవరి పెళ్ళిరోజో శ్రద్ధగా వింటోంది. విని విని, "పొద్దున చెప్పిందే చెప్పింది, అక్షరం మార్చలేదు," అంది. మార్చటానికి అదేమైనా మీ పిన్ని చెప్పే పుకారా అందామనుకుని ఊరుకున్నాడు, ఎందుకంటే అతను కూడా మారుస్తుందనే ఆశపడ్డాడు, పొద్దుట్నుంచీ ఈ మధ్యాహ్నం వార్తల కోసమే నోరు మూసుకుని కూర్చున్నాడు, గురువారం అన్న మాట పొరపాటున వచ్చిందనీ, ఇంకో జిల్లాకి చెప్పబోయి మనకి చెప్పామనీ ఆవిడ అంటుందేమోనని.

కనుమ దారి ఇంకా తెరుచుకోలేదు. పైకి పోయే కాలిబాట మీద, శిఖరం నీడ పడే చోట, పల్చటి మంచుగడ్డ మెరుస్తోంది. దాని మీద మేక కాలు పెడితే గిట్ట నిలవదు, జారితే కింద వాగులో తేలుతుంది. సూర్యుడు శిఖరం చుట్టూ తిరిగి వచ్చి ఆ ముక్క మీద పడాలి, పడి ఓ గంట కాయాలి, అప్పుడు గడ్డ మెత్తబడి గిట్టలకి పట్టు దొరుకుతుంది. అందాకా ఆగాలి. ఎవడైనా ఆగాల్సిందే, వాళ్ళ నాన్న ఆగాడు, నాన్న నాన్న ఆగాడు, ఇదివరకు ఈ దారిన పోయిన ప్రతి మందా ఈ రాతి దగ్గరే ఆగింది. ఎండ ఇప్పుడే ఆ ముక్క అంచుని తాకింది. కింద వాలులో మేకలు పడుకుని నెమరేస్తున్నాయి, ఊరందరి మేకలు, ఒక్కో ఇంటివాటికి ఒక్కో రంగు వీపు మీద పూసి ఉంది, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఎవరో పసుపు దొరక్క గోడకి వేయగా మిగిలిన గులాబి రంగు పూశారు, దూరం నుంచి చూస్తే పండగకి ముస్తాబైన జనం లాగే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే బట్టలు కూడా నిండా ఉన్నట్టే ఉంటుంది. దగ్గరికి పోయి ఆ పొడుగు వెంట్రుకల్లోకి వేలు పెడితే తెలుస్తుంది, లోపల ఏమీ లేదు, ఒట్టి చర్మం.

నూగు దువ్వేశారు. మేకకి పైన కనిపించే వెంట్రుక అలంకారం, అసలు దుప్పటి లోపలి నూగు. చలి పోయాక అది తనంతట తనే వదులైపోతుంది, మేకలు కంచెకి ఒళ్ళు రుద్దుకుంటాయి, ముళ్ళ కంపలకి తెల్లటి పోగులు వేలాడతాయి, అప్పుడు ఆడవాళ్ళు కాళ్ళు కట్టి పడుకోబెట్టి ఇనప దువ్వెనతో దువ్వుతారు. ఈ ఏడు ముందే వదులైంది. నాన్న ఉంటే అనేవాడు, ఇది దొంగ జింక నెలరా, నిజం జింక నెల ఇంకా రాలేదు, వసంతంలో ఈ మొదటి నెల వెచ్చగా ఉండి మనిషిని పిలుస్తుంది, పిలిచి గుమ్మంలో నిలబెట్టి తలుపేస్తుంది అని. నాన్న లేడు. నూగు కొనే బండి కూడా ఈసారి ముందే వచ్చి ఊరి మధ్యలో ఆగి హారన్ కొట్టింది. ఒక ఇంట్లో దువ్వితే పక్కింటి ఆడమనిషి ఊరుకుంటుందా. మూడు రోజులు ఊరంతా పొగ పట్టినట్టు నూగు ఎగిరింది, పిల్లల తలల మీద, టీ గిన్నెల్లో, ఆరేసిన బట్టల మీద. సైరాకాన్ కూడా దువ్వింది. ఇప్పుడు ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వేళ్ళకి దువ్వెన కోసిన గాట్లు ఇంకా మానలేదు, గోళ్ళలో మేక కొవ్వు వాసన. రాత్రి నిద్రలో ఆమె వేళ్ళు దువ్వుతున్నట్టే కదిలాయి, దుప్పటి అంచుని పట్టుకుని లాగుతూ, లాగుతూ. అతను చూశాడు.

నిజానికి దువ్విన మేకని ఇంకో రెండు వారాలు ఇంట్లోనే ఉంచుకోవాలి. ఏం పెట్టి ఉంచుకుంటారు. గడ్డి అయిపోయింది. చలికాలం కూడా ఈసారి ముందే వచ్చి కూర్చుంది, గడ్డివాముల అడుగు దాకా తిన్నాయి, అడుగున బూజుపట్టింది కూడా తిన్నాయి, చివరికి ఊరిపెద్ద కాసిమాలి తెల్లగడ్డం తన గోడౌను ఊడ్పించి ఆ ఊడ్చిన చెత్త కూడా పంచాడు, ఆ మాట చెప్పాలి, పెద్దాయన పిసినారి కాదు. పంచి, ఇక మందని పైకి తోలుదాం, కనుమ అవతల ఎండ వాలుల్లో పచ్చిక వచ్చేసి ఉంటుంది అన్నాడు. మర్మోట్లు బొరియల్లోంచి బయటికొచ్చి ఈలలేస్తున్నాయి, నెలవంక పిల్లలకోడి చుక్కల్ని దాటిపోయింది, చలి తన వాటా తాను తీసుకుని వెళ్ళింది అన్నాడు. తప్పేం చెప్పలేదు. అందరూ విన్నారు. ఎసెన్‌కుల్ కూడా విన్నాడు. శుక్రవారం నమాజు అయ్యాక మంద చుట్టూ ఊరంతా నిలబడి అరచేతులు పైకి పెట్టారు, కాసిమాలి ఆశీర్వాదం పలికాడు, దారి తెల్లగా, శుభంగా ఉండాలి, గిట్ట కింద రాయి కదలకూడదు, పోయిన లెక్క రెట్టింపై రావాలి అని, ఆయన గొంతు అలాంటి వాటికే పుట్టింది, వింటుంటే ఎవడికైనా గుండె నిండుతుంది, ఎసెన్‌కుల్‌కీ నిండింది, ఓమిన్ అని అందరితోపాటు మొహం తుడుచుకున్నాడు. ఇక అంతే. ఆశీర్వాదం తీసుకుని బయల్దేరిన కాపరి వెనక్కి తిరగడు. మరిచిపోయిన తుపాకీ కోసం కూడా తిరగడు, ఎవరైనా తెచ్చివ్వాలి. తిరిగితే ఊరందరి నోటి ముందు పెట్టిన అన్నాన్ని ఉమ్మేసినట్టు. ఆ ఏడంతా ఏ దూడ చచ్చినా, ఏ చూలాలు నొప్పులు పడ్డా వాడి వీపు వైపే చూస్తారు.

ఇవాళ, సోమవారం పొద్దున తొమ్మిదింటికి రేడియో మొదటిసారి ఈ వారం వాతావరణం చెప్పగానే అతను ఈ రాతి మీదికెక్కి ఫోను చేశాడు, ఈ లోయలో ఫోనుకి ప్రాణం వచ్చేది ఈ ఒక్క రాతి మీదే. కాసిమాలి ఎత్తాడు. బుధవారం రాత్రికి మంచట, మేం మంగళవారం అవతలి వాలు దిగుతాం, అక్కడ కప్పు లేదు, దొడ్డి లేదు, గాలికి అడ్డం పెట్టుకోటానికి ఒక ఆర్చా పొద కూడా లేదు, ఒళ్ళు చూస్తే బోడి అని చెప్పాడు. పెద్దాయన అంతా విన్నాడు, మధ్యలో దగ్గాడు, టీ గుటక వేసిన చప్పుడు కూడా వినిపించింది. అన్నీ విని, "ఆ రేడియో అమ్మాయికి మేకలున్నాయా అబ్బాయ్?" అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు. అంటే ఒక్కడే లేడన్నమాట, ఊరి మొదట్లో ఎండగోడ దగ్గర పెద్దలందరూ కూర్చునే ఉన్నారు. ఎసెన్‌కుల్‌కి పోయినేడు పడ్డ పేరు గుర్తొచ్చింది. పోయినేడు రేడియో వడగళ్ళన్నది, అతను నమ్మి రెండు రోజులు మందని దొడ్లోనే ఆపాడు, వడగళ్ళు కాదు కదా ఒక మబ్బు కూడా దారి తప్పి రాలేదు, ఎండ మాడ్చింది, మేకలు ఆకలికి దొడ్డి కర్రలు కొరికాయి. అప్పట్నుంచీ ఊళ్ళో అతను రేడియో. రేడియో వచ్చాడు. రేడియో ఏమంటాడు. రేడియో పెళ్ళాం పిండి మర కాడుంది. వాళ్ళ మీద కోపమేం లేదు, ఉంది, ఎందుకు లేదు, ఉంది. కానీ పోయినేడు ఆవిడ తప్పు చెప్పిన మాట నిజం. ఈ ఏడు కూడా తప్పు చెప్పొచ్చు. ఆమె చదివే కాయితం మీద ఏముందో ఆమెకీ తెలియదు, బుధవారం ఏముందో ఎవడికి తెలుసు, నాకు తెలుసా, నాకేం తెలియదు, ఏడో తరగతి మధ్యలో మానేసినవాణ్ణి నేను, నాకు మోకాళ్ళ నొప్పి వస్తే వానొస్తుందంటారు, నా మోకాళ్ళు ఎప్పుడూ నొప్పే.

ఏడో తరగతి మధ్యలో. అప్పుడూ వసంతమే. అప్పుడూ కాసిమాలే ఆశీర్వాదం చెప్పాడు, గడ్డం అప్పుడు నల్లగా ఉండేది. వాళ్ళ నాన్న ఇసాబెక్ మందని తోలుకుని ఈ రాతి దగ్గర ఆగాడు. పడమటి వైపు ఆకాశం చూసి తిరిగొద్దామనుకున్నాడట, అనుకుని తిరగలేకపోయాడట, ఆశీర్వాదం ఉంది కదా. దాటాడు. తర్వాతి సంగతి ఊరందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ చెప్పుకోరు, మేకలు పోయిన ఏడు అంటారంతే, కరువు వచ్చిన ఏడు, కరెంటు వచ్చిన ఏడు అన్నట్టు. మందలో మిగిలినవాటిని ఒళ్ళో వేసుకుని, చచ్చినవాటి మధ్య పడుకుని బతికాడు. కాళ్ళ మీద నడిచే వచ్చాడు. చేతులే పోయాయి. నల్లబడ్డ చేతుల్ని మణికట్ల దాకా ఆస్పత్రిలో తీసేశారు. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, ఆశీర్వాదంలో లోపం లేదు, మనిషి చేతకానివాడు అని తేల్చారు, అలా కాకపోతే ఆశీర్వాదంలో లోపం ఉండాలి కదా మరి, దాన్ని ఎక్కడ పెట్టుకుంటారు. నాన్న ఎదురు చెప్పలేదు. ఆయన వెనక్కి తిరగబోయి ఈ రాతి మీద చాలాసేపు కూర్చున్నాడని తెలిసి రాతికి కూడా పేరు పెట్టారు. చేతకానివాడి రాయి. ఇప్పటి పిల్లలకి ఎందుకొచ్చిందో కూడా తెలియదు, చేతకానివాడి రాయి దగ్గర నీళ్ళున్నాయి, చేతకానివాడి రాయి దగ్గర ఫోను పలుకుతుంది, అంటుంటారు, దారి చెప్పినట్టు, అంతే.

ఎసెన్‌కుల్ బడికి ఎందుకు వెళ్ళలేదంటే నాన్న కోటుకి గుండీలు పెట్టాలి. పొద్దున్నే. అమ్మ పాలు పితకటానికి పోయేది, అక్కలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు, నాన్న గోడవైపు తిరిగి నిలబడేవాడు. పిల్లాడి చేత గుండీలు పెట్టించుకుంటూ పిల్లాడి మొహంలోకి చూడలేక గోడవైపు తిరిగేవాడు, కొడుకు ఆయనకీ గోడకీ మధ్య దూరి కిందనుంచి పైకి ఒక్కోటి పెట్టేవాడు. పైగుండీ దగ్గర గడ్డం ఎత్తాలి. ఆయన ఎత్తేవాడు. అప్పుడు గొంతు కనిపించేది, గుటక పడేది. ఆ తర్వాత గుర్రానికి పట్టెడ బిగించాలి, టీ గిన్నె రెండు మణికట్ల మధ్య పెట్టాలి, ఒకటి తర్వాత ఒకటి, బడి గంట ఎప్పుడో కొట్టేసేవాళ్ళు. ఎవరూ మానమనలేదు. ఒకరోజు పోలేదు, మర్నాడు పోలేదు, అలా. లెక్కల మేష్టారు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి గుండీల వ్యవహారం చూసి, చెప్పాలనుకున్నది చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఎసెన్‌కుల్ తన కోటుకి పైగుండీ పెట్టుకోడు, ఎంత చలిలోనైనా, సైరాకాన్ కాపురానికొచ్చిన కొత్తలో తిట్టేది, తర్వాత ఎందుకో ఆవిడే ఆ గుండీ కోసి తీసేసింది, ఇక తిట్టక్కర్లేదు, ఆ బొత్తం ఏమైందో అడగలేదు.

నీళ్ళ చుక్క పడింది. పైన, మంచుగడ్డ అంచు నుంచి. ఇంకోటి.

దాటితే. దాటి చూపిస్తే. పొద్దుట్నుంచీ ఒంట్లో పామై తిరుగుతున్నది ఆ మాటే. రేడియో అని, చేతకానివాడి కొడుకని నవ్విన ప్రతి పన్ను కనిపించేలా దాటేసి, మంచు రానీ, గాలి రానీ, మొత్తం మందని అవతలికి చేర్చి, వేసవి చివర లెక్కకి లెక్క దించి, కాసిమాలి గుమ్మం ముందు నిలబడి చూడండి అంటే. ఆ ఊహకి ఎండలో ఒళ్ళు వెచ్చబడింది, లేచి నిలబడ్డాడు కూడా. మా రక్తంలో చేతకానితనం లేదని మంచుతుఫానులో రాసి చూపిస్తా. గుర్రం తల తిప్పి చూసింది. నిలబడి, మందలో నీలం రంగు వీపుల్ని, ఎరుపు వీపుల్ని, ఆ గులాబి రంగు వీపుల్ని చూశాడు, గులాబివి పోయినేడు మొగుడు పోయిన కూమ్రియాన్‌వి, ఆవిడ వాటిని అప్పగిస్తూ ఒక్కొక్కదాని చెవిలో ఏదో చెప్పింది, ఏం చెప్పిందో నవ్వొచ్చింది అప్పుడు. ఆ బోడి ఒళ్ళ మీద నా పరువు రాసి చూపిస్తానా. నాన్న కూడా ఇలాగే లేచి నిలబడి ఉంటాడు. ఇదే రాతి మీద, ఇలాగే ఎవడో నవ్వినట్టు చెవుల్లో వినపడి. ఊళ్ళో వాళ్ళు ఆయన భయపడ్డాడంటారు. భయపడి ఆగితే బాగుండేది, భయాన్ని లెక్కచెయ్యక వెళ్ళాడు, వాళ్ళు చెయ్యమన్నదే చేశాడు. దాటమన్నారు, దాటాడు. ఇందులో ధైర్యం ఎక్కడుంది. చెప్పినట్టు విన్న మనిషికి చేతకానివాడని పేరు పెట్టి, ఆ పేరు చూపించి కొడుకుని కూడా చెప్పినట్టు వినమంటున్నారు. నేను రొమ్ము విరుచుకుని దాటినా, వణుక్కుంటూ దాటినా వాళ్ళకొకటే. దాటితే నేను వాళ్ళ మాట విన్నవాణ్ణే. ఇంత చిన్న సంగతి అర్థం కావటానికి నాకు నాన్న వయసు రావాల్సొచ్చింది.

కూర్చున్నాడు మళ్ళీ. సైరాకాన్ గుడ్డమూట విప్పి ఎండు పెరుగు ఉండ ఒకటి చేతిలో పెట్టింది. ఉప్పగా, రాయిలా ఉంది, బుగ్గన పెట్టుకున్నాడు.

తిరిగితే ఎలా ఉంటుందో కూడా కనిపించింది. కనిపించకుండా ఎలా ఉంటుంది. బుధవారం మధ్యాహ్నం, ఊరి మొదట్లో గోడకి ఆనుకుని వాళ్ళందరూ, కళ్ళు చిట్లించేంత ఎండ, మబ్బు తునక లేదు, దుమ్ము లేపుకుంటూ మంద వెనక్కి. పలకరించరు. అది వాళ్ళకి బాగా తెలుసు, ఎప్పుడు పలకరించకూడదో. ఆ గోడ పొడుగునా నడవాలి. చివర్లో ఒకడు, ఎప్పుడూ చివర్లో కూర్చునేవాడొకడుంటాడు కదా, రేడియో, మంచెక్కడ పెట్టావు, సంచిలో ఉందా అంటాడు. పిల్లల మొహాల్లో నవ్వు. ఆ తర్వాత గడ్డి లేని దొడ్లలో మేకల అరుపులు, గురువారం ఎండ కాస్తే, శుక్రవారం కాస్తే, ఆ అరుపులన్నీ అతని పేరే పిలుస్తాయి. ఆకలికి రెండు మూడు ముసలివి పోనూ పోవచ్చు. అవి అతని ఖాతాలోకి. ఒకసారి రేడియో అన్నవాళ్ళు ఇక చచ్చేదాకా ఏమంటారో, రాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి కొండల్లో, ఇంకో రాతికి పేరు పెడతారు. సరే పెట్టుకోండి. మేకలు పోతే పేరూ పోతుంది, నా పేరొక్కటే పోతే మేకలు ఉంటాయి. ఈ రెండో బేరం నాన్నకి ఎవరూ చూపించలేదు, చూపించేవాడు పక్కన లేడు. ఒంటరిగా కూర్చున్నాడాయన ఇక్కడ. నా పక్కన ఈవిడుంది, తీగకి రెండో కొసన.

ఈవిడ ఏమనుకుంటోందో. ఈవిడ ఏదీ తిన్నగా అనదు. మామగారిని కూడా అంతే, పేరు పలకకూడదు కదా కోడలు, పెద్దాయన అంటుంది, గోడవైపు చూసేవారు అంటుంది, ఒక్కనాడూ పొరపాటున కూడా ఆ పేరు నోట రాలేదు. ఆస్పత్రిలో ఇంటిపేరు అడిగితే, అందులో మామగారి పేరే ఉంది కాబట్టి, నర్సు ముందుకి కార్డు తోసేసి కిటికీలోంచి బయటికి చూసింది. ఊళ్ళో ఇంకో ఇసాబెక్ ఉన్నాడు, పాల బండి నడుపుతాడు, వాణ్ణి పాపం పాలబ్బాయి అంటుంది, వాడికిప్పుడు మనవలు. ఈవిడ కాపురానికొచ్చేసరికి నాన్న ఇంకా ఉన్నాడు. మొదటి పొద్దున కొత్త కోడలు తలకి గుడ్డ లాక్కుని టీ తెచ్చింది, గిన్నె అందించింది, అందుకోటానికి చేతులు రాకపోవటం చూసింది. ఏం చెయ్యాలో ఎవరూ ముందు చెప్పలేదు. అతను చెప్పలేదు, సిగ్గేసి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెని ఆ రెండు మణికట్ల మధ్య పెట్టి, తన అరచేతులు బయటినుంచి ఆనించి పట్టుకుంది, తాగటం అయ్యేదాకా. ఆ రోజు నాన్న గోడవైపు తిరగలేదు.

చుక్కలు ఇప్పుడు లెక్కకి అందకుండా పడుతున్నాయి. మంచుగడ్డ మీద తెల్లదనం పోయి బూడిద రంగు వచ్చింది, మెత్తబడింది. ముందుపోతు లేచి నిలబడింది. మంద ముందు నడిచే పోతుమేక అది, మెడలో గంట, కొమ్ములు నాగలి అంత, కాసిమాలిది, పేరున్న ఇంటి మేక కాబట్టి దానికీ అదే నడక. అది లేస్తే మిగతావి లేస్తాయి. దారి వైపు మెడ సాచి వాసన చూసింది. దారి తెరుచుకుందని దానికి తెలిసిపోయింది.

ఫోను మోగింది. తీగ ఇంకా తగిలించే ఉంది, సైరాకాన్ చెవిలో మోగింది ముందు, ఆవిడ ఉలిక్కిపడి మొగుడి కొస మొగుడికిచ్చింది. కాసిమాలి.

"దాటావా అబ్బాయ్?"

"లేదు. గడ్డ ఇప్పుడే మెత్తబడింది."

"మెత్తబడితే ఇంకా కూర్చున్నావేం? పొద్దు వాలితే మళ్ళీ గట్టిపడుతుంది."

"తిరిగొస్తున్నాను తాతా."

 గోడ దగ్గర జనం గొణగటం వినిపించింది, ఫోను అందరూ వినేలా పెట్టినట్టున్నారు. తర్వాత పెద్దాయన చాలా నెమ్మదిగా, కోపం లేకుండా, అదే వేదన, కోపమైనా ఉంటే బాగుండేది, తనకంటే ముందు పోయిన పెద్దవాళ్ళు ఇచ్చిన మాటలు ఎంత పాతవో, గడ్డి ఎంత లేదో, ఆడవాళ్ళు ఎంత ఆశపెట్టుకున్నారో చెప్పుకుంటూ వచ్చాడు, ఎసెన్‌కుల్ బుగ్గన పెరుగు ఉండ అలాగే ఉంది. చివరికి ఆయన అన్నాడు, "ఆ రాతి మీదే కూర్చున్నావు కదూ."

"ఆ రాతి మీదే."

"దానికా పేరు ఎందుకొచ్చిందో నీకు చెప్పక్కర్లేదు."

ఎసెన్‌కుల్ నోరు తెరిచాడు.  ఇన్నేళ్ళుగా తయారుచేసి పెట్టుకున్న జవాబులన్నీ, గుర్రం మీద పోతూ గాలికి చెప్పినవి, చలికాలం రాత్రులు కప్పుకి చెప్పినవి, ఒక్కటీ దొరకలేదు. సైరాకాన్ అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. తీసుకుని తలగుడ్డ సర్దుకుంది, ఎదురుగా పెద్దవాళ్ళున్నట్టు. కోడలు పెద్దల మధ్య మాట్లాడకూడదు, ఆవిడెప్పుడూ మాట్లాడలేదు, అందుకని గొంతు మొదట్లో కొంచెం బొంగురుగా వచ్చింది.

"తాతగారూ, ఈ రాయి పేరు ఇసాబెక్ రాయి," అంది.

మొగుడు తలెత్తి చూశాడు. మర్మోటు ఒకటి ఎక్కడో ఈలేసి ఆగింది.

"కోడలా," అన్నాడు కాసిమాలి, "ఎవరి పేరు పలికావో తెలుసా నువ్వు?"

"తెలుసు. ఇసాబెక్. మీరు పలకరని నేను పలికాను. మీ ఆశీర్వాదం మోసుకుని ఇక్కడిదాకా వచ్చి, ఇది దాటి, చేతులిచ్చేసి ఇంటికొచ్చిన మనిషి. నేనాయనకి టీ పట్టాను. ఆయన కొడుక్కి నేను టీ పట్టను." ఊపిరి తీసుకుంది. "మేకలు బుధవారం మధ్యాహ్నానికి ఊళ్ళో ఉంటాయి. ఆడవాళ్ళకి చెప్పండి, ఎవరింట్లో ఉన్న పాత కోట్లు, చినిగిన దుప్పట్లు, పిల్లలకి పొట్టివైన స్వెట్టర్లు బయటికి తియ్యమనండి. దువ్వింది మేము, తొడిగేదీ మేమే. మంచు రాకపోతే మీరందరూ కలిసి నవ్వండి, నేనూ వచ్చి మీ గోడ దగ్గర కూర్చుని నవ్వుతాను. కోటు వేసుకున్న మేక నిజంగానే నవ్వొచ్చేలా ఉంటుంది."

అటు ఎవరో ఆడమనిషి గొంతు, కూమ్రియాన్‌దేనేమో, గోడ అవతలినుంచి విన్నట్టుంది, మా ఆయన కోటు ఉంది అంది, పెద్దది, రెండు మేకలకి సరిపోతుంది అంది.  ఫోను కాసిమాలే పెట్టేశాడో, రాతి మీద దానికి ప్రాణమే పోయిందో తెలియలేదు. సైరాకాన్ తీగని చుట్టి, ఫోనుతో సహా రొమ్ము దగ్గర దోపుకుంది.  మూట కట్టటం మొదలుపెట్టింది, ముడి పడలేదు, మళ్ళీ వేసింది. ఎసెన్‌కుల్ ఆ ముడి మీద వేలు పెట్టి పట్టుకున్నాడు. ఇసాబెక్ అన్న శబ్దం ఆవిడ గొంతులో ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో వినలేదు, కొత్తగా ఉంది, ఎవరో గడప దాటి లోపలికొచ్చి కూర్చున్నట్టు.

ముందుపోతు అప్పటికే బాట ఎక్కింది. తెరుచుకున్న దారి కదా, గంట మోగించుకుంటూ పోతోంది, వెనక ఎరుపు వీపులు కదిలాయి, నీలం వీపులు కదిలాయి. ఎసెన్‌కుల్ రాతి మీదినుంచి దూకి అడ్డంగా పరిగెత్తాడు, మోకాళ్ళు తిట్టాయి, తిట్టనీ. కరిగిన నీళ్ళలో బూట్లు జారుతుంటే దాని కొమ్ము పట్టుకున్నాడు. అది తల విదిలించింది. బలం ఉంది దాని మెడలో, పెద్దింటి గడ్డి తిన్న మెడ, ఇద్దరూ ఆ బాట మీద కాసేపు ఒకరినొకరు తోసుకున్నారు, పొట్టేళ్ళ పందెంలా, అది పైకి, ఇతను కిందికి. రెండో కొమ్ము కూడా దొరికింది. మొహంలో మొహం పెట్టి చూశాడు. దాని గెడ్డం కింద చెయ్యి పెడితే లోపల వెచ్చగా, బోడిగా, నరం కొట్టుకుంటూ ఉంది. "పద నాయనా," అన్నాడు, "మీ యజమాని తిడితే నన్నే తిట్టమను." తిప్పాడు. అది తిరిగింది, ఇష్టం లేకుండానే తిరిగింది, గంట రెండుసార్లు తేడాగా మోగి సర్దుకుంది. మంద ఒక్కొక్కటే దాని వెనక మెడలు తిప్పింది, కింద నుంచి సైరాకాన్ నోటితో పిలుస్తూ గుర్రం ఎక్కింది.

వెనక మంచుగడ్డ విరిగి వాగులో పడిన చప్పుడైంది. ఇక ఆ దారిలో రాయి కూడా కదలదు, తెల్లగా, తడిగా, శుభ్రంగా తెరుచుకుని ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎసెన్‌కుల్ చెమట పట్టిన టోపీ తీసి పడమటికేసి ఒకసారి చూశాడు. "వస్తే రా, రాకపోతే మానెయ్," అన్నాడు గట్టిగానే, వినాల్సినవాళ్ళు వినేలా, "మేం మాత్రం తిరిగి వెళ్తున్నాం."